నేను ఆరో నంబరు బంతిని

నా చుట్టుకొలత 28.5 అంగుళాలు. బరువు 20 ఔన్సులు, అంటే మన లెక్కలో అరకిలోకి ఇంకాస్త పైన. మగవాళ్ళు ఆడే బాస్కెట్‌బాల్ నాకన్నా ఒక అంగుళం లావు, రెండు ఔన్సులు బరువు. దాన్ని ఏడో నంబరంటారు, నన్ను ఆరో నంబరంటారు. ఈ ఒక్క అంగుళం గురించి నేను పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు. దుకాణంలో నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతి నాన్నా మొదట అడిగే ప్రశ్న ఒకటే: “ఇది చిన్నపిల్లలదా?”

కాదు బాబూ. కాలేజీ జట్ల అమ్మాయిలు ఆడేది నాతోనే. డబ్ల్యూఎన్‌బీఏలో, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు ఆడేదీ నా సైజుతోనే. నన్ను ఒక అంగుళం తగ్గించారు గానీ బుట్టని మాత్రం ఒక్క అంగుళం కూడా కిందికి దించలేదు. అది మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా పదడుగుల ఎత్తులోనే ఉంటుంది.

మా వంశం పాతదే. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు పీచ్ పళ్ళ బుట్టలు రెండు గోడలకి బిగించి ఈ ఆట మొదలుపెట్టాడు. అప్పుడు వాడింది ఫుట్‌బాల్. మరుసటి ఏడే, పక్క ఊళ్ళోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయురాలు తన విద్యార్థినులకి నేర్పేసింది. 1896 ఏప్రిల్ 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలూ కాలిఫోర్నియా యూనివర్సిటీ అమ్మాయిలూ తలపడ్డారు. రెండు కాలేజీల ఆడపిల్లల మధ్య జరిగిన మొదటి బాస్కెట్‌బాల్ పోటీ అదే. స్టాన్‌ఫర్డ్ 2, కాలిఫోర్నియా 1. ఆ ఆటకి మగవాళ్ళని గుమ్మం దాటనివ్వలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అమ్మాయిలు మగవాళ్ళ బంతితోనే ఆడారు. 1984-85 సీజన్‌లో అమెరికా కాలేజీలు ఆడవాళ్ళ చేతికి సరిపడే బంతిని తెచ్చాయి. అలా పుట్టిన తరం మాది.

ఇక నా సొంత కథ. నేను దిగిన ఊరు వర్జీనియాలోని షాంటిలీ. డల్లెస్ విమానాశ్రయం పక్కనే ఉంటుంది. రూట్ 50, రూట్ 28 కలిసేది ఇక్కడే. ఇండియా నుంచి చుట్టాలొస్తే ముందు డిస్కవరీ స్పేస్ షటిల్ ఉన్న ఉద్వర్-హాజీ విమాన మ్యూజియం చూపిస్తారు, తర్వాత రాజధానీ మందిర్‌కి తీసుకెళ్తారు. మిగిలిన రోజులన్నీ ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల క్లాసులు. ఒక్క కల్‌డీసాక్‌లో నాలుగైదు తెలుగిళ్ళు ఉండటం ఇక్కడ వింతేమీ కాదు.

2024 ఏప్రిల్‌లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఒక చిత్రం జరిగింది. ఆడవాళ్ళ ఫైనల్‌ని మగవాళ్ళ ఫైనల్ కన్నా ఎక్కువమంది టీవీలో చూశారు. అలా జరగడం అదే మొదటిసారి. ఐవా జట్టు తరఫున ఆడిన కెయిట్లిన్ క్లార్క్ ఎక్కడో నలభై అడుగుల దూరం నుంచి బంతి విసురుతుంటే, అప్పటిదాకా క్రికెట్ తప్ప మరొకటి ఎరగని మా ఇంటి నాన్న కూడా సోఫా అంచుకి జరిగి చూశాడట. ఆ ఊపులోనే పాప పుట్టినరోజుకి నన్ను కొన్నాడు. కొనేముందు “ఏడో నంబరు బంతి తీసుకుంటే వాడికీ దీనికీ ఇద్దరికీ పనికొస్తుంది కదా” అని పాప అన్నయ్యని లెక్కలో వేసుకున్నాడు. పాప మాత్రం ససేమిరా అంది. షాంటిలీ యూత్ అసోసియేషన్ లీగ్‌లో తన వయసు ఆడపిల్లలు ఆడేది ఆరో నంబరుతోనేనని తేల్చి చెప్పింది. నేను కారెక్కాను.

నా నివాసం గరాజ్. సోనామసూరి బస్తాలు, రెండో ఫ్రిజ్, మంచు తోసే పార, టేపు చుట్టిన క్రికెట్ బ్యాట్, ఎయిర్‌పోర్ట్ ట్యాగులు ఊడదీయని సూట్‌కేసులు, ఇవి నా ఇరుగుపొరుగు. ఎండాకాలం హాయిగా ఉంటుంది. చలికాలమే నరకం. చలికి నాలో గాలి ముడుచుకుపోతుంది. నేలకేసి కొడితే నడుం దాకా కూడా లేవను. పంపుతో గాలి కొడితే లేస్తాను. కానీ ఇంట్లో వెచ్చదనానికి రాగానే అదే గాలి ఉబ్బి నన్ను రాయిలా చేసేస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన అమ్మ నన్ను రాత్రిళ్ళు బట్టల మెషీన్ పక్కన పెట్టించడం మొదలుపెట్టింది. అమ్మకి ఆట మీద మోజు లేదు. పొద్దున్నే “అమ్మా, గాలి కొట్టవా” అన్న పేచీ వినలేక అంతే.

ఆ ఏడు సెప్టెంబరు 19న నాన్న ఆఫీసు స్నేహితులతో కలిసి వాషింగ్టన్ మిస్టిక్స్ ఆట చూడ్డానికి వెళ్ళాడు. మిస్టిక్స్ ఇక్కడి డబ్ల్యూఎన్‌బీఏ జట్టు. 1998లో మొదలై, 2019లో ఛాంపియన్‌గా నిలిచింది. వాళ్ళ సొంత మైదానంలో నాలుగు వేల పైచిలుకు సీట్లే. ఆ రోజు వచ్చేది కెయిట్లిన్ క్లార్క్ కొత్తగా చేరిన ఇండియానా ఫీవర్ కాబట్టి ఆటని ఊరి మధ్యలో ఉన్న కాపిటల్ వన్ అరీనాకి మార్చారు. 20,711 మంది వచ్చారు. డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ ఆటకి అంత జనం అంతకుముందెన్నడూ రాలేదు. మిస్టిక్స్ 92-91తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. నాన్న మొహం వేలాడేసుకుని వచ్చాడు. సొంత ఊరి జట్టు గెలిస్తే ఏడుపు మొహమేమిటని పాప అడిగింది. “నేను వెళ్ళింది క్లార్క్ కోసం కదా” అన్నాడు. ఆ టికెట్ కాగితాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. నన్ను మాత్రం ఆ ఆటకి తీసుకెళ్ళలేదు.

దసరా వెళ్ళాక బాపట్ల నుంచి అమ్మమ్మ వచ్చింది, ఆరు నెలలు ఉండటానికి. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. వీధిలో పలకరిద్దామంటే మనిషి కనపడడు. మూడున్నరకి స్కూలు బస్సు వచ్చేవేళకి చీర మీద స్వెట్టరు, కాళ్ళకి అమ్మ పాత బూట్లు వేసుకుని డ్రైవ్‌వేలో మడత కుర్చీ వేసుకు కూర్చునేది. పాప ఆడుతూంటే ఒకసారి నేను దొర్లుకుంటూ వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర ఆగాను. వంగి తీసుకుంది. రెండు చేతుల్తో కాదు, ఒక్క అరచేత్తో ఒడిసి పట్టి మణికట్టు తిప్పి విసిరింది. నేను గిర్రున తిరుగుతూ సూటిగా వెళ్ళి పాప గుండెలకి తగిలాను.

“అమ్మమ్మా! నువ్వు ఆడేదానివా?”

“టెన్నికాయిట్ ఆడేదాన్నే. రబ్బరు రింగు. హైస్కూల్లో ఉండగా జిల్లా పోటీల దాకా వెళ్ళాం. తర్వాత పెళ్ళి చేసేశారు.”

అంతకుమించి ఆవిడ చెప్పలేదు. మర్నాటి నుంచి కుర్చీని హూప్‌కి మరో రెండడుగులు దగ్గరగా జరిపింది.

పాప లీగ్ కోచ్ ఒక ఆదివారం పిల్లలందరికీ కలిపి జార్జ్ మేసన్ యూనివర్సిటీ ఆడవాళ్ళ జట్టు ఆటకి టికెట్లు తీసుకుంది. ఆ యూనివర్సిటీ పక్కనే ఉన్న ఫెయిర్‌ఫాక్స్‌లో, బ్రాడాక్ రోడ్డు మీద ఉంది. మా వాళ్ళు వారం వారం వెళ్ళే వేంకటేశ్వర స్వామి లోటస్ టెంపుల్ కూడా ఆ బ్రాడాక్ రోడ్డు మీదే. పొద్దున దర్శనం, మధ్యాహ్నం ఆట. “దారే కదా” అంది అమ్మమ్మ. నాన్న మాత్రం కారు నడపడానికే వస్తున్నానని ముందే చెప్పేశాడు. “స్టార్ లేని ఆట ఏం చూస్తాం?” అన్నది ఆయన వాదన. అమ్మ పులిహోర డబ్బా కట్టింది. బయటి తిండి లోపలికి తేకూడదన్నారు. డబ్బా కార్లో ఉండిపోయింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, లోపల కొట్టొద్దని పాపకి వేలు చూపించి పంపింది.

ఆ హాలు 1985లో కట్టింది. మొదట పేట్రియట్ సెంటర్ అనేవాళ్ళు, 2015 నుంచి ఈగిల్‌బ్యాంక్ అరీనా. దాదాపు పది వేల సీట్లు. పై వరసలు భోజనాలయ్యాక పెళ్ళి పందిట్లో కుర్చీల్లా బోసిగా ఉన్నాయి. నాకు 1896 నాటి సంగతి గుర్తొచ్చింది. అప్పుడు మగవాళ్ళు వస్తామంటే రానివ్వలేదు. ఇప్పుడు తలుపులు బార్లా తీసిపెట్టినా రావడం లేదు.

అయితే ఆ ఖాళీలో ఒక లాభం ఉంది. మేం కోర్టుకి ఆనుకునే కూర్చున్నాం. బూట్లు కీచుమనడం, కోచ్ కేకలు, ‘ఎడమ, ఎడమ’ అని అమ్మాయిలు ఒకరినొకరు హెచ్చరించుకోవడం, అన్నీ వినపడుతున్నాయి. కోర్టులో దూకుతున్న నా తోబుట్టువు చెక్క నేల మీద చేసే చప్పుడు మా డ్రైవ్‌వే తారు మీద నాకెన్నడూ రాలేదు. ఒక మూల గ్రీన్ మెషీన్ అనే బ్యాండు. దాని నాయకుడు డాక్ నిక్స్ ఆకుపచ్చా బంగారు రంగుల వేషం కట్టి గంతులు వేస్తుంటే ట్రంపెట్లూ డప్పులూ హాలుని ఎగరేస్తున్నాయి. జట్టు రంగులు చూసి అమ్మమ్మ “పసుపూ పచ్చా, మంచి శుభమైన రంగులు” అని మొదటి తీర్పు ఇచ్చేసింది.

నన్ను ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూశాక నాన్నవైపు తిరిగింది.

“అల్లుడుగారూ, ఆ పిల్ల బంతి ముట్టుకోకుండా ఊరికే అడ్డంగా నిలబడి దెబ్బలు తింటోందేమిటి?”

“దాన్ని స్క్రీనంటారత్తయ్యగారూ. బంతి పట్టుకున్న అమ్మాయికి దారి దొరకాలని, వెంటపడేవాళ్ళని అలా ఆపుతుంది.”

“అయితే ఇప్పుడు బుట్టలో పడ్డది ఎవరి ఖాతాలోకి?”

“వేసినమ్మాయి ఖాతాలోకే.”

“ఈ పిల్లకో?”

“ఏమీ రాదు.”

నిజమే. వేసిన పాయింట్లకి లెక్క ఉంది, అందించిన పాస్‌కి ఉంది, అందుకున్న రీబౌండ్‌కి ఉంది. అడ్డం నిలబడి భుజం మీద దెబ్బ కాచుకున్నందుకు స్కోరు పట్టీలో గడే లేదు. అమ్మమ్మ ఆ క్వార్టరంతా ఇంకెవర్నీ చూడలేదు. ఆ పిల్ల నిలబడ్డప్పుడల్లా, బుట్టలో పడ్డా పడకపోయినా, నన్ను ఒళ్ళో ఉంచుకునే చప్పట్లు కొట్టింది. మధ్యలో నలిగింది నేనే. కాసేపటికి నాన్న కూడా బంతిని వదిలేసి ఆ పిల్లనే చూడటం మొదలుపెట్టాడు. డంక్‌లు లేవేమని అడగడం మానేశాడు. బుట్ట మీదికి ఎగిరి గుద్దే ఆట కాదు మాది. బంతి చేతులు మారే ఆట. దాడికి దిగాక 30 సెకన్లలో బంతి వెయ్యాలి. ఆ 30 సెకన్లలో అయిదుగురూ ఏం చేస్తున్నారో చూడటం వస్తే ఇంకేదీ అక్కర్లేదు.

అక్కణ్ణుంచి ఇంట్లో ఆదివారాల వరస మారింది. గుడి, భోజనం, ఆట. ఒక శనివారం సంక్రాంతి సంబరాలకి పిలుపొస్తే అమ్మమ్మ “ఆట ఎన్నింటికి?” అని ముందు అడిగింది.

జట్టు కథ పాపే ఇంట్లో అందరికీ చెప్పింది. జార్జ్ మేసన్ స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది 1972లో. చదువుల్లోనూ ఆటల్లోనూ ఆడామగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం వచ్చిందీ అదే ఏడాది. ఇక్కడి మగవాళ్ళ జట్టు 2006లో ఫైనల్ ఫోర్ దాకా వెళ్ళిన సంగతి ఫెయిర్‌ఫాక్స్‌లో ఎవరిని లేపి అడిగినా చెబుతారు. ఆడవాళ్ళ జట్టు మాత్రం అప్పటిదాకా జాతీయ టోర్నమెంటు గడప తొక్కలేదు. 2020-21 సీజన్‌లో గెలిచింది మూడే మూడు ఆటలు. ఆ తర్వాత 2021లో వచ్చిన కోచ్ వనెస్సా బ్లెయిర్-లూయిస్ ఏటికేడు జట్టుని పైకి లాక్కొచ్చింది. జహీరా వాల్టన్, స్పెయిన్ నుంచి వచ్చిన పౌలా సువారెజ్ లాంటి వాళ్ళతో 2024-25లో జట్టు గెలుపు మీద గెలుపు కొట్టింది.

2025 మార్చి 9, ఆదివారం. గడియారాలు గంట ముందుకు జరిగిన రోజు. రిచ్‌మండ్ పక్కన హెన్రైకోలో మేసన్ ఆడే అట్లాంటిక్ టెన్ లీగ్ ఫైనల్. మా వాళ్ళు టీవీలో చూశారు. నేను అమ్మమ్మ ఒళ్ళో. మేసన్ 73, సెయింట్ జోసెఫ్స్ 58. జట్టుకి మొదటి టైటిల్, జాతీయ టోర్నమెంటుకి మొదటి పిలుపు. అమ్మాయిలు నిచ్చెనెక్కి కత్తెరతో వల కోస్తుంటే అమ్మమ్మ కంగారుపడింది. “గెలిచారుగా! వల ఎందుకు పాడుచేస్తున్నారు?” గెలిచినవాళ్ళు గుర్తుగా తలో ముక్కా తీసుకునే ఆనవాయితీ అని పాప చెప్పాక గానీ కుదుటపడలేదు.

మార్చి 22న బేటన్ రూజ్‌లో జాతీయ టోర్నమెంటు మొదటి ఆట. ఎదుట ఫ్లోరిడా స్టేట్. 94-59. మధ్యలోనే తేలిపోయింది. నాన్న రిమోట్ అందుకున్నాడు. “ఉంచండి బాబూ. గెలిచేటప్పుడు కూర్చుని ఓడేటప్పుడు లేచిపోతే ఎలా?” అంది అమ్మమ్మ. చివరి సెకను దాకా ఎవరూ లేవలేదు. సీజన్ 27 గెలుపులు, 6 ఓటములతో ముగిసింది. నా లెక్కలో నాన్న అభిమాని అయింది మార్చి 9న కాదు, ఆ శనివారం రిమోట్ కింద పెట్టినప్పుడు.

ఇంతకీ నా ఒంటి మీది సంతకాల సంగతి చెప్పలేదు. ఫిబ్రవరిలో ఒక ఆట అయ్యాక అమ్మాయిలు కోర్టు పక్కన నిలబడి పిల్లలకి సంతకాలు పెట్టారు. నా ఒంటి నిండా నల్ల మార్కర్. అడ్డం నిలబడే పిల్ల నన్ను అందుకుని అమ్మమ్మవైపు చూసి నవ్వింది. అమ్మమ్మ ఆ పిల్ల భుజం నిమిరి “నొప్పిగా ఉందా తల్లీ?” అని తెలుగులోనే అడిగింది. ఆ పిల్ల తలూపింది.

ఇంటికి రాగానే అమ్మ నన్ను కడిగిన గుడ్డతో చుట్టూ తుడిచి హాల్లో షోకేసులో పెట్టింది, ఏటికొప్పాక బొమ్మల పక్కన, నాన్న ఫ్రేముకి ఎదురుగా. ఇక ఆడకూడదట, సంతకాలు చెరిగిపోతాయట. కొంతకాలం వెచ్చగా, గౌరవంగా, పనిలేకుండా పడి ఉన్నాను. మధ్యలో అమ్మమ్మ వచ్చి ఆటల వేళకి ఒళ్ళోకి తీసుకునేది, అంతే. ఏప్రిల్ రాగానే పాప తలుపు తీసి నన్ను లాగింది. అమ్మ వంటింట్లోంచే అరిచింది: “అయ్యో, సంతకాలే!”

“పోతే మళ్ళీ పెట్టించుకుందాంలే అమ్మా. వాళ్ళుండేది ఫెయిర్‌ఫాక్స్‌లోనే కదా!”

నాన్న ఒకసారి ఫ్రేముకేసి చూసి, ఒకసారి నాకేసి చూసి, ఏమీ అనలేదు. ఊరి జట్టు అంటే ఏమిటో పాప మాటకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. దూరపు చుక్కల సంతకాన్ని గాజు పెట్టెలో దాచుకోవాలి, మళ్ళీ దొరకదు గనక. ఊళ్ళోవాళ్ళ సంతకం తారు మీద అరగదీసుకోవచ్చు. నేను అరగదీసుకున్నాను. వేసవి ముగిసేసరికి నా ఒంటి మీద ఒక్క అక్షరమూ మిగల్లేదు.

అమ్మమ్మ మార్చి ఆఖరునే బాపట్ల వెళ్ళిపోయింది. కొత్త సీజన్ మొదలయ్యాక మాకు రాత్రి, ఆవిడకి తెల్లవారుజాము అయ్యే వేళకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తుంది. “మన పిల్లలు గెలిచారా?” అన్నది మొదటి మాట. “ఆ అడ్డం నిలబడే పిల్ల ఉందా?” అన్నది రెండోది. లేదు, చదువైపోయి వెళ్ళిపోయింది. కాలేజీ జట్టులో ఎల్లకాలం ఎవరుంటారు? కొందరు డిగ్రీ పుచ్చుకుని వెళ్తారు, కొందరు వేరే కాలేజీకి మారతారు. పేర్లు మారతాయి, చొక్కా రంగు మారదు. “సరేలే, ఇప్పుడు అడ్డం ఎవరు నిలబడుతున్నారో చూసి చెప్పు” అంది అమ్మమ్మ. పాప చూసి చెబుతోంది.

చదువుతున్నవారికి నాదొక మనవి. మీరున్నది షాంటిలీయే కానక్కర్లేదు. డాలస్‌లోనో డెట్రాయిట్‌లోనో ఉంటే, మీ ఇంటికి అరగంట దూరంలో ఏదో ఒక కాలేజీలో ఆడపిల్లల జట్టు ఆడుతూనే ఉంటుంది. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటే, ఏదో ఒక గ్రౌండులో అంతర కళాశాలల పోటీలు జరుగుతూనే ఉంటాయి. చూసేవాళ్ళు మాత్రం ఆడేవాళ్ళ అమ్మానాన్నలే. స్టార్ ఎవరని అడక్కండి, పాయింట్లు ఎవరు వేశారని కూడా ముందే అడక్కండి. ముందు వరసలో కూర్చుని, బంతి లేని అమ్మాయి ఏం చేస్తోందో ఒక్క క్వార్టరు చూడండి. మా దగ్గర సీజన్ నవంబరులో మొదలై మార్చి దాకా నడుస్తుంది. పిల్లల్నీ, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళనీ తీసుకురండి. భోజనం మాత్రం చేసి రండి, పులిహోర లోపలికి రానివ్వరు.